స్కాలర్‌షిప్ పిల్లలు మెంటర్‌తో నిజం ఎందుకు చెప్పరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో స్కాలర్‌షిప్‌లిచ్చే ఒక ట్రస్టు వాళ్లు నలుగురు పిల్లల్ని మెంటర్‌గా, అంటే దారి చూపే పెద్దమనిషిగా, చూసుకోమని మీకు అప్పగించారు. ఇద్దరు బీటెక్, ఒకమ్మాయి డిగ్రీ, ఇంకొక అబ్బాయి డిప్లొమా. కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నారు, "బాగున్నా సార్, బాగా చదువుతున్నా సార్" తప్ప రెండో మాట రావడం లేదు, డిప్లొమా అబ్బాయైతే అసలు ఫోనే ఎత్తడు. తీరా చూస్తే బీటెక్ చదివే ఒకరికి మూడు సబ్జెక్టులు పోయాయని ట్రస్టు ఆఫీసు నుంచి తెలిసింది. ఇంత చేస్తుంటే అబద్ధం చెప్తారా అని మీకు కష్టమేసింది. వీళ్లతో ఎలా మాట్లాడాలి?

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చిత్తూరులో ఉన్నప్పటి నుంచీ ఇలాంటి పిల్లల పని చూస్తున్నాను, ఇప్పుడు తిరుపతిలోనూ అదే పని. సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆ పిల్లల కళ్లకు మీరు డబ్బు ఆపించగల మనిషి. నెలనెలా మీరేదో ఫారం నింపి పైకి పంపుతారని వాళ్లకు తెలుసు, అందులో ఏం రాస్తారో తెలీదు. సెలక్షన్ రోజున "మార్కులు తగ్గాయంటే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, జాగ్రత్త" అని ఎవరో ఒకరు అనే ఉంటారు, మన ట్రస్టుల్లో ఆ మాట అనకుండా ఏ మీటింగూ ముగియదు. ఇంక సబ్జెక్టులు పోయిన పిల్లవాడు ఆ సంగతి మీకే ఎందుకు చెప్తాడు? ఉద్యోగంలో మీరు మాత్రం పై ఆఫీసరుకు మీ అంతట మీరే ఫోన్ చేసి "సార్, ఈసారి టార్గెట్ పోయింది" అని చెప్పారా ఎప్పుడైనా?

కాబట్టి పిల్లలకు ఫోన్ చేసే ముందు ట్రస్టు ఆఫీసుకు వెళ్లండి. నేను రాసే రిపోర్టు ఎవరు చదువుతారు, ఒక సబ్జెక్టు పోతే డబ్బు ఆగుతుందా, తర్వాత సప్లిమెంటరీ పరీక్షలో (పిల్లల మాటలో సప్లీ) పాసైతే మళ్లీ ఇస్తారా, ఎన్ని సబ్జెక్టులు మిగిలిపోయేదాకా ఊరుకుంటారు అని అడగండి. ఈ నియమం కాగితం మీద ఉందా, లేక సెక్రటరీ గారి నోటి మాటేనా అన్నది కూడా అడగాలి. చాలా చోట్ల రాతపూర్వకంగా ఏమీ ఉండదు. ఉండదు కాబట్టే భయం ఎక్కువ. మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు పోయినా డబ్బు ఆపం, ఏడాది టైమిస్తాం అని ఒక్క లైను రాయించగలిగితే మీ పని సగం తేలికైనట్టే. ఇంకో పని కూడా చేయించండి, మార్కుల మెమోలు అడిగి తీసుకోవడం ఆఫీసు క్లర్కు చూసుకోవాలి, మీరు కాదు. మార్కులడిగే మనిషీ కష్టం చెప్పుకునే మనిషీ ఒకరే అయితే కుదరదు. దీనికి ఆఫీసు వాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

తర్వాత పిల్లలతో ఒక్కొక్కరితో విడిగా ఈ మాట చెప్పండి: "నువ్వు నాతో చెప్పింది ట్రస్టుకు రాయను. రాయాల్సి వస్తే ముందు నీకు చెప్పి, నీకు చూపించి రాస్తా." చెప్పాక మాట తప్పకూడదు, ఒకరి విషయంలో తప్పితే మిగతా ముగ్గురికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది, వాళ్ల వాట్సాప్ గ్రూపులో మీరు లేరు కదా. దీనికి రెండు మినహాయింపులున్నాయి, అవి కూడా మొదటి రోజే చెప్పేయండి. ఒకటి ప్రాణానికి ప్రమాదం. రెండోది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు ఏదైనా జరిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, దాచిపెట్టడం నేరం. మీ డిప్లొమా అబ్బాయి పదో తరగతి అవగానే చేరి ఉంటాడు, అంటే ఇంకా మైనరే కావచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

ఇప్పుడు మాట్లాడటం సంగతి. "ఎలా చదువుతున్నావు?" అని అడగడం మానేయండి, దానికి "బాగా సార్" అనే ఒక్క జవాబే ఉంది. పొద్దున ఎన్ని గంటల బస్సుకు బయల్దేరతావు, ల్యాబ్‌లో నీ బ్యాచ్‌లో ఎవరెవరున్నారు, రాత్రి మెస్‌లో ఏం పెట్టారు, మీ ఊళ్లో వాన పడిందా, ఇలా అడగండి. వీటికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు. నగరి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయిని ఊరికే "రాత్రి ఎక్కడ కూర్చుని చదువుతావమ్మా" అని అడిగాను. ఇంట్లో మరమగ్గాలు, కరెంటు ఉన్నంతసేపూ టకటకా ఆడుతూనే ఉంటాయట, కరెంటు పోయినప్పుడు మాత్రమే ఇల్లు నిశ్శబ్దం, అప్పుడేమో లైటు ఉండదు. ఆ పిల్ల దాన్ని కష్టంగా చెప్పలేదు, నవ్వుతూ చెప్పింది. మా ట్రస్టు వాళ్లు ఆ అమ్మాయికి చార్జింగ్ లైటు ఒకటి కొనిచ్చారు, అంతే. ఆ ఏడాది మేం చేసిన పనుల్లో అంత తక్కువ ఖర్చుతో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

బీటెక్ అబ్బాయి సబ్జెక్టులు ఎందుకు పోయాయో తెలుసుకోవాలంటే ముందు అటెండెన్స్ చూడండి. మన వైపు ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ జేఎన్‌టీయూ అనంతపురం యూనివర్సిటీ కిందివే, అక్కడ 75 శాతం హాజరు కావాలి, 65 దాకా అయితే కారణం చూపించి, తగ్గిన హాజరును మన్నించమని కండోనేషన్ ఫీజు కట్టుకోవాలి, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. మాకు ఒక పిల్లవాడుండేవాడు, తెలివైనవాడు, కానీ హాజరు మాత్రం అప్పుడప్పుడూ ఉన్నట్టుండి పడిపోయేది. కొన్ని వారాలు ఒక్కరోజు కూడా పోదు, తర్వాత వరసగా పోతాయి. డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు "వాడికి చెడు స్నేహాలు" అని తేల్చేశారు. ఆ లిస్టు ఇంటికి తెచ్చుకుని గోడ మీది క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే, వాడు రాని తేదీలన్నీ పెళ్లి ముహూర్తాలున్న రోజులే. ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు వెళ్తున్నాడు. తిరుపతిలో ముహూర్తాలున్న రోజుల్లో వడ్డించే కుర్రాళ్లకు ఎంత గిరాకీయో మీకు తెలియంది కాదు, రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం టిఫిన్లు, అన్నీ అయ్యేసరికి పొద్దున తొమ్మిదవుతుంది. ఇంక ఫస్ట్ అవర్‌కు ఎవరు పోతారు?

వాణ్ని "చదువు మానేసి ఇదేం పని" అని మందలించడం తేలికే. కానీ ఎందుకు వెళ్తున్నాడు? మేమిచ్చే డబ్బు కాలేజీ ఫీజుకు సరిపోతుంది. మెస్ బిల్లు, బస్సు, పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, ఇంట్లో డ్వాక్రా లోను కంతు, ఇవన్నీ ఎవరు కట్టాలి? అమ్మాయిలకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాయి, ఒక ఖర్చు తప్పింది, మగపిల్లలకు ఆ సౌకర్యం లేదు. ఫీజు కట్టేశాం కాబట్టి చదువుకు ఇంకేం అడ్డం అనుకునే దాతలు చాలామంది ఉన్నారు, వాళ్ల మంచితనాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ నెలకు రెండు మూడు వేల రూపాయల దగ్గరే పిల్లలు చదువు జారవిడుచుకుంటారు. ఆ అబ్బాయి విషయంలో ట్రస్టుతో మాట్లాడి మెస్ బిల్లు కట్టించాం. క్యాటరింగ్ మానలేదు, శని, ఆదివారాలకు తగ్గించుకున్నాడు. పూర్తిగా మానమని నేనూ చెప్పలేదు, వాడి చేతిలో వాడు సంపాదించిన డబ్బు నాలుగు రూపాయలు ఉండటం మంచిదే.

రెండో కారణం, తెలుగు మీడియం. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో తెలుగులో ఇంటర్ చదివి, ఇంగ్లీషులో మొదటి సెమిస్టర్ మ్యాథ్స్, డ్రాయింగ్ ముందు కూర్చుంటే ఎవరికైనా తలకాయ తిరుగుతుంది. డిగ్రీ కూడా మన రాష్ట్రంలో 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియమే కాబట్టి మీ డిగ్రీ అమ్మాయికీ ఇదే గొడవ ఉండొచ్చు, అడిగితే చెప్పదు. దీనికి ట్యూషన్ పెట్టించడం, స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేర్పించడం నాకు పెద్దగా నచ్చవు. వాళ్ల కాలేజీలోనే, వాళ్లలాగే పల్లె నుంచి తెలుగు మీడియంలో వచ్చి, అవే సబ్జెక్టులు తప్పి, సప్లీలో గట్టెక్కిన సీనియర్‌ని ఒకరిని వెతికి పట్టుకోండి. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని "తమ్ముడూ, ఇది ప్రతిసారీ వస్తాది, ఇది వదిలెయ్యొచ్చు" అని వాడు చెప్పే రెండు గంటలు మీరూ నేనూ చెప్పే రెండేళ్లకు సమానం. ట్రస్టులో పాత బ్యాచ్ పిల్లల జాబితా ఉంటుంది, అందులో చూడండి.

కాగితాల సంగతికి వస్తున్నాను, ఇది కాస్త పొడుగు. నన్నడిగితే మెంటర్ చేయగలిగిన పనుల్లో స్ఫూర్తి మాటలకన్నా ఇది ఎన్నో రెట్లు విలువైంది, ఎందుకంటే ఆ ఇళ్లలో ఈ పని తెలిసిన పెద్దవాళ్లు ఉండరు. ఒక ఆదివారం ఫోన్ మానేసి పిల్లల్ని కూర్చోబెట్టి ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ బల్ల మీద పరిచి పెట్టించండి. పేరు ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఒట్టి అక్షరం వెనక, పాస్‌బుక్‌లో ఇంటిపేరే లేదు. మనిషి కంటికి ఇవన్నీ ఒకే పిల్ల, కంప్యూటర్‌కు ముగ్గురు. ఇలాంటప్పుడు పదో తరగతి మెమోను ఆధారం చేసుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించండి, మెమో మార్పించడం బోర్డుతో పని, ప్రాణం తీస్తుంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి సెంటర్‌కు వెళ్లే ముందు స్పెల్లింగ్ కాగితం మీద రాసి పిల్ల చేత రెండుసార్లు చదివించండి.

బ్యాంకు ఖాతా దగ్గర ఇంకో తిరకాసు. నాకు నాలుగు బ్యాంకుల్లో ఆధార్ లింక్ అయ్యింది సార్ అంటారు. ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు ఆధార్‌ను బట్టి ఒక్క ఖాతాకే వెళ్తుంది, చివరగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ చేయించారో, అంటే ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలని ఆధార్‌ను ముడిపెట్టించారో, ఆ ఖాతాకు. కాలేజీలో చేరినప్పుడు క్యాంపస్‌కు ఎవరో వచ్చి జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించి ఉంటారు, డబ్బు దాంట్లో పడి ఉంటుంది, పిల్ల మాత్రం ఊళ్లో పాత బ్యాంకుకు వెళ్లి "రాలేదు" అని ఏడుస్తుంటుంది. ఏ బ్యాంకుకు మ్యాప్ అయి ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. స్కూల్లో ఉన్నప్పుడు మైనర్ ఖాతా తెరిచి ఉంటే పద్దెనిమిది నిండాక మళ్లీ కేవైసీ ఇవ్వాలి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకుంటే ఖాతా నిద్రపోతుంది. ఇవన్నీ బ్యాంకులో అరపూట పని, కాకపోతే కౌంటర్ దగ్గర ఆ పిల్లల్ని పట్టించుకునే వాళ్లుండరు, పక్కన ఒక పెద్దమనిషి నిలబడితే పనైపోతుంది. మా బ్యాంకు వాళ్ల గురించి నేనే అంటున్నాను, ఇంకెవరో అనక్కర్లేదు.

ఇక ఏ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయో మీరే తెలుసుకుని ఉండాలి. కాలేజీ ఫీజు రాష్ట్ర ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో మొదలైంది, 2020లో విద్యా దీవెన అన్నారు, మధ్యలో కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, ఇప్పుడు మళ్లీ కాలేజీలకే వేస్తున్నారు. పేరేదైనా కష్టం ఒకటే, డబ్బు ఆలస్యమైతే కాలేజీ పిల్ల మీద పడుతుంది, "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది, ప్రిన్సిపాల్ దగ్గర గొంతు పెంచకుండా ఆ కాగితం చూపించి మాట్లాడండి. కేంద్రం ఇచ్చేవాటిలో ఇంటర్ మార్కుల మీద డిగ్రీ వాళ్లకు ఏడాదికి 12,000 ఇచ్చే పథకం ఉంది, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి, కానీ రాష్ట్రం నుంచి రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు అది వర్తించదు. డిప్లొమా, బీటెక్ అమ్మాయిలకు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా, ఆదాయం 8 లక్షల లోపు. దీని గురించి తెలిసిన తల్లిదండ్రుల్ని నేను పెద్దగా చూడలేదు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో గవర్నమెంటు స్కూల్లో ఎనిమిది చదువుతుంటే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది, ప్రైవేటు కాలేజీకి మారితే మాత్రం పోతుంది. ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇవ్వం అనే షరతు చాలా వాటిలో ఉంటుంది కాబట్టి, అప్లై చేయించే ముందు ఆ పేజీ మీరే చదవండి. రెన్యువల్ ఏటా చేసుకోవాలి, పిల్లలు మొదటి ఏడాది చేసి మర్చిపోతారు.

ఇంటివాళ్లతో మాట్లాడటం ఇంకో విద్య. ముందు తల్లితో మాట్లాడండి. పలమనేరు, పుంగనూరు వైపు ఇళ్లలో రెండు ఆవులుంటే పాల బిల్లు మీదే పిల్లల బస్సు, పుస్తకాలు నడుస్తాయి, ఆ లెక్క తల్లికే తెలుసు. "పాప బాగా చదవతా ఉండాది సార్, ఆయప్పే ఇంక చాల్లే అంటా ఉండాడు" అని ఆమే చెప్తుంది మీకు. అక్కడ ఆడపిల్లల చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వొద్దు. డిగ్రీ రెండో ఏడాది నుంచి సంబంధాలు మొదలవుతాయి, తోతాపురి మామిడికి రేటు పడిపోయిన ఏడు, టమాటా బాగా ముంచిన ఏడు ఇంకా తొందరపడతారు, "ఇప్పుడైతే తక్కువలో అయిపోతాది" అనే లెక్క. తండ్రితో వాదం పెట్టుకుంటే ఆ అమ్మాయి ఫోన్ లాగేసుకుంటారు, అంతే. "పరీక్షలయ్యేదాకా ఆగు నాయనా, సర్టిఫికెట్ చేతికొస్తే అబ్బాయి వాళ్లూ మర్యాదగా అడుగుతారు" అని ఒక తేదీ దాకా వాయిదా వేయించండి. ఆ తేదీ వచ్చాక ఇంకో తేదీ. ఇది ధైర్యవంతమైన పద్ధతేమీ కాదు, తెలుసు. కానీ ఇలా నెట్టుకొచ్చి డిగ్రీ పూర్తి చేసి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి వెళ్తున్న అమ్మాయిలు ఉన్నారు. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి మాట వస్తే మాత్రం వాయిదాలు లేవు, అది చట్టం సంగతి, 1098.

మీరు మగవారైతే ఇంకొన్ని జాగ్రత్తలు చెప్పాలి. డిగ్రీ అమ్మాయికి రాత్రిపూట ఫోన్ చేయకండి, వీలైతే తల్లి నంబరుకు చేసి అమ్మాయికి ఇమ్మనండి. కలవాలంటే కాలేజీలోనో ట్రస్టు ఆఫీసులోనో, నలుగురూ ఉన్నచోట. మీ ఇంటికి రమ్మంటే మీ ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడే. మన ఊళ్ల సంగతి తెలిసిందే, మీరెంత మంచివారైనా మాట పడేది ఆ పిల్ల.

డబ్బు అడుగుతారు, ముఖ్యంగా మీ మీద నమ్మకం కుదిరాక. జేబులోంచి ఇవ్వకండి. ఇచ్చారంటే ఆ తర్వాత వాళ్లు మీకు ఫోన్ చేయడానికి మొహమాటపడతారు, మీకూ తీర్చలేదేమని లోపల ఒక మూల ఉంటుంది. ట్రస్టులో అత్యవసర నిధి అని కొంత పక్కన పెట్టించి, పరీక్ష ఫీజుకో ఆసుపత్రికో అందులోంచి ఇప్పించండి, చెక్కు మీద ట్రస్టు పేరుంటుంది కాబట్టి మీ ఇద్దరి మధ్యా ఏమీ ఉండదు. వాళ్లు మీకేదైనా తెస్తే మాత్రం కాదనకండి. వాళ్ల నాన్న తోటలో కాయలని ఒక సంచి మామిడికాయలు మోసుకొచ్చి గుమ్మం దగ్గర పెడితే "ఇవన్నీ ఎందుకమ్మా" అని తిప్పి పంపేవాళ్లను చూశాను. తీసుకోండి. ఊరగాయ పెట్టి ఒక సీసా వాళ్లింటికి పంపండి. ఎప్పుడూ తీసుకునే చెయ్యిగానే ఉండటం వాళ్లకు మాత్రం ఏం బాగుంటుంది?

ఇదే మాట మీద ఇంకోటి. ఏటా జరిగే ఆ స్టేజీ కార్యక్రమం ఉంది చూశారా, పెద్ద చెక్కు బొమ్మ పట్టించి, వెనక ఫ్లెక్సీ కట్టి, పిల్లల చేత "మా అమ్మ కూలికి పోతాది, ఈ ట్రస్టు లేకుంటే నేను లేను" అని మైకులో చెప్పించేది. నాకది చూస్తే ఒళ్లు మండుతుంది. దాతలకు రిపోర్టు కావాలి, పన్ను మినహాయింపుకు రసీదు కావాలి, కాదనను, దానికి లెక్కల కాగితం చాలు. ఆ వీడియో క్లాసు గ్రూపులోకి వెళ్లాక ఆ అబ్బాయి నెల రోజులు క్యాంటీన్‌కు వెళ్లడు. మీ నలుగురిలో ఎవరికీ మాట్లాడటం ఇష్టం లేకుంటే మీరే కమిటీకి చెప్పి ఆపించండి, ఆ ఒక్క పనికి వాళ్లు మిమ్మల్ని చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ముందు ముందు ఏం చదవాలి, ఏం చేయాలి అన్న సలహాల దగ్గర కాస్త తగ్గండి. ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, సైన్సు చదువులకు పెట్టిన ఐసర్ రెండూ 2015లో మొదలయ్యాయి, పక్క మండలం పిల్లలకు అవి బస్సు కిటికీలోంచి కనిపించే గోడలే. ఓపెన్ డే ఉందని తెలిసిన రోజు తీసుకెళ్లి చూపించండి, చాలు, "నువ్వూ ఇక్కడ చదవాలి" అనొద్దు. డిప్లొమా వాడికి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చని చెప్పండి, వాడికి ఉద్యోగమే కావాలంటే అదీ మంచిదే. డిగ్రీ అమ్మాయికి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, డబ్బు తీసుకుని ఉత్త సర్టిఫికెట్ ఇచ్చే వాళ్లు వీధికొకరున్నారు, అందులో పడకుండా మీకు తెలిసిన ఆడిటర్ ఆఫీసులోనో చిన్న కంపెనీలోనో నిజంగా కూర్చుని పని నేర్చుకునే చోటు చూడండి. మీ పరిచయాలు వాడాల్సింది ఇక్కడే.

ఫలితాలొచ్చే రోజులు జాగ్రత్తగా ఉండండి. ఆ రోజు మార్కులు అడక్కుండా "తిన్నావా, ఎవరితో ఉన్నావు" అని మాత్రం అడగండి. గొంతులో తేడా అనిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా పంపండి, రూమ్మేట్‌నో వార్డెన్‌నో. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఈ నంబరు ఏదో జరిగాక ఇచ్చేది కాదు, మామూలు రోజునే నలుగురి ఫోన్లలోనూ సేవ్ చేయించండి. ఇవ్వడానికి మొహమాటపడితే "మీ ఫ్రెండ్స్‌కు పనికొస్తుంది" అని చెప్పి ఇవ్వండి.

నలుగురికి మించి ఒప్పుకోకండి. ఆఫీసు వాళ్లు ఇంకో ఇద్దర్ని చూడమంటారు, ఖాయంగా అంటారు.

ఇక ఫోన్ ఎత్తని ఆ డిప్లొమా అబ్బాయి. రిపోర్టులో "స్పందన లేదు" అని రాసేయకండి, ఇప్పుడే వద్దు. ఫోన్ అసలు మోగుతోందో లేదో చూశారా? రీఛార్జ్ అయిపోయి కొన్నాళ్లయితే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తారు, హాస్టల్ వైఫైతో వాట్సాప్ నడుస్తుంది కాబట్టి వాడికి అది పెద్ద ఇబ్బందిగా అనిపించదు. లేకపోతే ఆ ఫోన్ వాడిది కాకుండా వాళ్ల నాన్నది కావచ్చు, ఆయన పొలంలో ఉంటాడు, తెలియని నంబరు ఎత్తడు. ముందు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, ఎవరు మీరు, ఎందుకు చేస్తున్నారు, మార్కుల కోసం కాదు అని. రెండు రోజులు చూసి, కదలకపోతే ఒక పనిరోజు కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో పిలిపించకండి, క్లాసులో అందరి ముందూ పిలుస్తారు, వాడు బిగుసుకుపోతాడు. మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుని, నేనిక్కడున్నాను, పది నిమిషాలు వస్తావా అని మెసేజ్ పెట్టండి. వస్తాడు. పక్కన ఒక ఫ్రెండ్‌ని వెంటేసుకుని వస్తాడు, వాడికీ ఒక టీ చెప్పండి, అసలు సంగతి ఆ ఫ్రెండే ముందు చెప్తాడు.